శాసనములకెక్కని చరిత్ర

కళింగదేశ చరిత్ర యనగానే మనకు శ్రీముఖలింగ శాసనములు స్ఫురించును. గంగరాజుల దానములను అవి నేటికిని చెప్పుచున్నవి. కాని ఎచ్చెర్ల ప్రాంతమున మ్రోగెడి తప్పెటగుళ్లను గూర్చిన శిలాశాసనమును నేను చూచి యెఱుగను.

ఇది ఉత్తరాంధ్ర యాదవుల కళ. రొమ్మున తప్పెట కట్టి, మువ్వలు ధరించి, పదునేను మొదలు ఇరువదిమంది వఱకు కూడి యాడుదురు. ఒకడు పాడును, తక్కినవారు అందుకొందురు. చేతులు రెండును తప్పెటపైననే యుండుటచే నాట్యభారమంతయు పాదములదే. వానకై గంగమ్మను కొలుచుట దీనికి మూలము. వాన లేనిదే మేత లేదు. మేత లేనిదే మంద లేదు. మంద లేనిదే కాపరికి బ్రతుకు లేదు. ఆ భయమే పాటయైనది.

2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము వెలసినది. ఊరికి పట్టణపు పోకడ వచ్చినది. జాతరలో ప్రొద్దుపోవువఱకు సాగు కథ, పట్టణపు ఊరేగింపులో కొన్ని నిమిషముల వేడుకగా కుదించుకొనిపోవుచున్నది. అప్పుడు అడుగులు మిగులును, కథ జారిపోవును.

శాసనము రాతిపై నిలుచును. ఈ చరిత్ర గురువు పాదమునుండి శిష్యుని పాదమునకు నడచును. నడుమ నొక్క తరము ఆగినచో, మరల చదువుకొనుటకు శిల లేదు. కావున మీ వీథిలో తప్పెట మ్రోగినపుడు, కథ ముగియువఱకు నిలిచి వినుడని నా మనవి.