మందుకు లొంగని పురుగు



నిరుడు చచ్చిన పురుగు ఈ ఏడు అదే మందుకు ఎందుకు చావదని మీరు అడుగుతూ ఉంటారు. మందు కల్తీ కావచ్చు, మోతాదు తప్పి ఉండవచ్చు. ఆ రెండూ సరిగా ఉన్నా చావని పురుగు కథ ఇది.

ఇది పాత సంగతే. అమెరికాలో పొలుసు పురుగు కొన్ని తోటల్లో సున్నం-గంధకం మందుకు లొంగడం లేదని మెలాండర్ అనే శాస్త్రజ్ఞుడు 1914లోనే రాశాడు. డి.డి.టి. పురుగులను చంపుతుందని 1939లో ముల్లర్ కనిపెడితే, 1946 నాటికే స్వీడనులో ఈగలు దాన్ని తట్టుకున్నాయి. 1987లో మన కోస్తా జిల్లాల పత్తి మీద శనగపచ్చ పురుగు పైరెథ్రాయిడ్ మందులను లెక్కచేయలేదు. పదేపదే కొట్టినా కాయ దక్కక ఎందరో అప్పులపాలయ్యారు.

ఇందులో మాయ లేదు. వేల పురుగుల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే మందును తట్టుకుంటాయి. మిగతావి చస్తే, పిల్లలన్నీ వీటివే. మీరు మంచి కంకులు ఏరి విత్తనానికి ఉంచుకుంటారే, మందు కూడా అట్లాగే మొండి పురుగును ఏరి విత్తనానికి ఉంచుతున్నది. పురుగుకు ఏడాదిలోనే ఎన్నో తరాలు!

2002లో అనుమతి పొందిన బీటీ పత్తికీ గులాబీరంగు పురుగు ఇట్లాగే అలవాటుపడింది. చేను చుట్టూ బీటీ కాని పత్తి వేయమన్నది, అక్కడ బతికిన లొంగే పురుగులు మొండివాటితో జతకట్టి మొండితనాన్ని పలచన చేస్తాయనే. వేసినవారు కొద్దిమందే.

కనుక ఒకే వర్గం మందు వరుసగా కొట్టకండి. లింగాకర్షక బుట్టలు పెట్టి, పురుగు ఉధృతి చూసి, అవసరమైతేనే కొట్టండి. పంట కాగానే పత్తి కట్టె పీకివేయండి. మొండి పురుగుకు మనమే విత్తనం కట్టవద్దు.