వికీపీడియా ఎవరిది?

ప్రాజెక్టు రాయమని టీచర్ చెప్పగానే మనలో చాలామంది ముందు వికీపీడియా చూస్తాం. కానీ దాన్ని ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది అని ఆలోచించం. దాని చరిత్ర మనం తప్పక తెలుసుకోవాలి.

2000లో అమెరికాలో జిమ్మీ వేల్స్ తన బోమిస్ కంపెనీ డబ్బుతో న్యూపీడియా అనే విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టాడు. లారీ సాంగర్ దానికి సంపాదకుడు. పండితులే రాయాలి, ప్రతి వ్యాసం ఏడు దశల పరీక్ష దాటాలి అని నియమం. అందుకే పని నత్తనడక నడిచింది. 2003లో మూతపడేసరికి పూర్తయిన వ్యాసాలు పాతిక దాకా మాత్రమే!

అప్పటికే, 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ 'వికీ' అనే పద్ధతి కనిపెట్టాడు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని అర్థం. ఇందులో చదివేవాళ్లే పేజీని దిద్దవచ్చు. ఈ పద్ధతితో 2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది. ఏడాదిలోనే సుమారు 20,000 వ్యాసాలు వచ్చాయి. పండితులు చెయ్యలేని పనిని మామూలు మనుషులు కలిసి చేసారన్నమాట.

అయితే ఒక పెద్ద తగవు వచ్చింది. 2002లో వికీపీడియాలో ప్రకటనలు పెడతారేమో అనే మాట బయటికి వచ్చింది. "మేం ఉచితంగా రాస్తే ఇంకెవరో సంపాదించుకోవడమా?" అని స్పానిష్ భాషలో రాసేవాళ్లకి కోపం వచ్చింది. వాళ్లలో చాలామంది విడిపోయి సొంత విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్నారు. ప్రకటనలు ఉండవని ఆ తర్వాత వేల్స్ మాట ఇచ్చాడు. 2003 జూన్ 20న వికీమీడియా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. వికీపీడియా ఒక కంపెనీ సొత్తు కాకుండా పోయింది. నా ఉద్దేశంలో దీని చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదే.

ఈ సంస్థ వ్యాసాలు రాయదు. కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, కోర్టు వ్యవహారాలు చూసుకుంటుంది. ఖర్చు ఎక్కువగా పాఠకులు ఇచ్చే చిన్న చిన్న విరాళాలతో నడుస్తుంది. రాసేది, దిద్దేది జీతం లేని వలంటీర్లు. విక్షనరీ అనే నిఘంటువు, పాత పుస్తకాలు దాచే వికీసోర్స్ కూడా దీనివే.

అదే 2003లో మరాఠీ, తెలుగు వికీపీడియాలు రెండూ మొదలయ్యాయి. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు అక్షరం కనపడటమే కష్టం. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగుని మన లిపిలోకి మార్చే 'పద్మ' తయారుచేసిన వెన్న నాగార్జున గారు డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణ పల్లెల పేజీలే వేలల్లో ఉన్నాయి.

ఇక్కడ కొమర్రాజు లక్ష్మణరావు గారిని తలచుకోవాలి. ఆయన మన మహారాష్ట్రలో నాగపూర్‌లో చదువుకున్నారు, మరాఠీలో కూడా వ్యాసాలు రాసారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. 1923లో ఆయన చనిపోయాక ఆ పని ఆగింది. ఒక్కరి భుజాల మీద ఉన్న పని ఆ మనిషితోనే ఆగిపోతుంది. వేలమంది చేతుల్లో ఉంటే ఒకరు పోయినా ఇంకొకరు అందుకుంటారు.

కానీ మనకి ఒక చిక్కు ఉంది. వికీపీడియాలో ప్రతి విషయానికి అచ్చయిన ఆధారం చూపాలి. షోలాపూర్‌కి మగ్గాల పని కోసం వచ్చిన మన తాతముత్తాతల కథలు ఎక్కువగా నోటిమాటగానే ఉన్నాయి. నానమ్మ చెప్పింది అంటే అక్కడ ఒప్పుకోరు. ఆ నియమం తప్పు అని నేను అనను. అది లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు రాసేస్తారు. మరి మన కథలు పోకుండా ఉండాలంటే పెద్దవాళ్లు బతికి ఉండగానే అడిగి, రాసి, పుస్తకాలుగా అచ్చు వేయించాలి. అప్పుడే రేపు ఎవరైనా మన గురించి ఒక పేజీ రాయగలరు.

మిత్రులారా, వికీపీడియా నుంచి తీసుకోవడం మనందరికీ వచ్చు. తొమ్మిది, పది తరగతుల వాళ్లం తెలుగు టైపు చెయ్యడం నేర్చుకుందాం. కనీసం ఒక తప్పు అక్షరం దిద్దినా మనమూ అందులో పాలుపంచుకున్నట్టే.