వంటగట్టు రాయి
వంటగట్టుపై పరిచే రాయి వేడిని, నూనె మరకలను, పులుపును తట్టుకోవాలి. చింతపండు, నిమ్మకాయ లేనిదే గడవని తెలుగు వంటింట్లో చివరిదే అసలు పరీక్ష. పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. పులుపు తగిలిన చోట మెరుపు పోయి మచ్చ పడుతుంది. కడప బండదీ సున్నపురాయి జాతే కనుక గట్టు కింది అరలకే అది నయం. గ్రానైటుకు ఆ బెడద లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పేరుమోసిన రకం. అంగడిలో గ్రానైటుగానే చెల్లినా, భూవిజ్ఞానం లెక్కలో అది గాబ్రో తరగతి శిల. లేత రంగు గ్రానైటుకు సీలర్ పూత అవసరం. సుమారు 90 శాతం క్వార్ట్జ్‌ను రెజిన్‌తో బిగించి చేసే పలకలు మరకలను అంతగా పీల్చవు గానీ, పొయ్యి మీంచి దించిన మూకుడును నేరుగా పెడితే రెజిన్ కమిలిపోవచ్చు. రోజూ తాలింపులు వేసే ఇంటికి ముదురు రంగు గ్రానైటే మేలు.