పని గంట – బడి గంట: కర్నూలు, కడప జిల్లాలలో బాలల శ్రమ, చదువు (1800–2016)

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• రాయలసీమ మెట్ట ప్రాంతంలో పిల్లల పనికీ బడికీ మధ్య ఏర్పడిన వైరుధ్యాన్ని చారిత్రకంగా వివరించగలుగుతారు.
• చదువుతో పాటు సాగగల పనికీ, చదువును మింగివేసే పనికీ తేడా చెప్పగలుగుతారు.
• బాల కార్మిక చట్టాల పరిణామాన్ని, వాటి పరిమితులను చర్చించగలుగుతారు.

1. పరిచయం

"పని చేసుకుంటూ చదువుకున్నాడు" అన్న మాటను మనం మెచ్చుకోలుగా వాడతాం. ఈ పుస్తకం చదువుతున్న మీలో చాలామంది ఆ మెచ్చుకోలుకు తగినవారే. అయితే పెద్దయ్యాక ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చేరడం ఒకటి. పన్నెండు, పదమూడేళ్ల వయసులో పొలం పనికి పోతూ బడికి కూడా పోవాలని చూడడం మరొకటి. మొదటిదానిలో వేళలు కొంతవరకైనా మన చేతిలో ఉంటాయి. రెండోదానిలో అవి పిల్లల చేతిలో ఉండవు.

కర్నూలు, కడప జిల్లాలలో వ్యవసాయం ఎక్కువగా వానమీద ఆధారపడినది. (ఈ పాఠంలో ఈ పేర్లు 2022 ఏప్రిల్‌కు ముందున్న జిల్లాలను సూచిస్తాయి.) వాన తప్పిన ఏడాది ఇంట్లో ప్రతి జత చేతులూ అవసరమవుతాయి. గొర్లు కాయడం, కలుపు తీయడం, రైతు ఇంట జీతానికి ఉండడం ఇక్కడి పిల్లలకు తరతరాలుగా తెలిసిన పనులు. పనితో పాటు చదువు సాగుతుందా, లేదా అన్నది పిల్లల పట్టుదల కంటే మూడు విషయాలపైనే ఎక్కువగా ఆధారపడింది: పని గంటలు, పని జరిగే కాలం, పని వెనుక ఉన్న అప్పు. ఈ మూడింటినీ మనసులో ఉంచుకొని కింది ఘట్టాలను పరిశీలిద్దాం.

2. దత్త మండలాల బడులు: 1823 నాటి సాక్ష్యం

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతాలే దత్త మండలాలు. వాటికి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరు అయ్యాడు. 1822లో ఆయన రాష్ట్రమంతటా బడుల స్థితిపై కలెక్టర్ల నుండి నివేదికలు కోరాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మన అంశానికి ముఖ్యమైనది. నేడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు ప్రాంతాలు 1953 వరకు బళ్లారి జిల్లాలోనివే.

ఆ నివేదిక ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533, వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. విద్యార్థులు 6,641 మంది. అంటే సుమారు 140 మందికి ఒక విద్యార్థి. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

ఇంత తక్కువ మంది ఎందుకు చదువుతున్నారన్న ప్రశ్నకు కాంప్‌బెల్ చెప్పిన కారణం పేదరికం. మధ్యతరగతి, దిగువ తరగతి కుటుంబాలు చదువు ఖర్చు భరించలేకపోతున్నాయని, పిల్లల లేత చేతులకు కాస్త శక్తి రాగానే వారి శ్రమ ఇంటికి అవసరమవుతున్నదని ఆయన రాశాడు. ఇంగ్లండు బట్టల రాకతో ఇక్కడి నేత వృత్తులు దెబ్బతినడాన్ని కూడా ఒక కారణంగా చూపాడు. ఆనాటి వీధి బడి ఉదయం ఆరు గంటలకే మొదలయ్యేది. పసులు విప్పే వేళా అదే. పొద్దున్నే పనికి పోవలసిన పిల్లవాడికి ఆ బడిలో చోటు లేదు.

3. కరువు, కర్మాగారం

1876–78 కరువు మద్రాసు రాష్ట్రంలో అన్నింటికంటే తీవ్రంగా తాకిన జిల్లాలలో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. కరువు సహాయ పనులలో ఏడేళ్లు దాటిన పిల్లలకు కూడా ప్రభుత్వం కూలి రేటు నిర్ణయించింది. అంటే ఏడేళ్ల బిడ్డను ప్రభుత్వమే కూలీల లెక్కలో చేర్చింది.

1881 నాటి భారత కర్మాగారాల చట్టం ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదన్నది. ఏడు నుండి పన్నెండేళ్ల పిల్లల పనిని రోజుకు తొమ్మిది గంటలకు పరిమితం చేసింది. 1891లో కనీస వయసు తొమ్మిదికి పెరిగి, పని గంటలు ఏడుకు తగ్గాయి. ఇంగ్లండులో మాత్రం 1844 చట్టమే మిల్లు పిల్లలకు సగం పూట పని, సగం పూట బడి అనే పద్ధతిని తప్పనిసరి చేసింది. భారత చట్టం గంటలు తగ్గించింది కానీ, మిగిలిన గంటలలో బడి ఉండాలని అడగలేదు. పైగా ఆ చట్టం వర్తించింది కర్మాగారాలకే. మన ప్రాంతపు పిల్లలలో ఎక్కువమంది ఉన్నది పొలాలలో.

4. సీడు పత్తి: బడి వేళకే పని వేళ

1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్–4 సంకర పత్తితో ఒక కొత్త రకం పని పుట్టింది. సంకర విత్తనాన్ని ఏటా కొత్తగా తయారు చేయాలి. దానికి ప్రతి పువ్వునూ చేత్తోనే పరపరాగ సంపర్కం చేయించాలి. దీనినే మన రైతులు 'క్రాసింగ్' అంటారు. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు ఇది విస్తరించింది.

ఈ పని తీరును గమనించండి. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట గిల్లి, పుప్పొడి తిత్తులను తీసివేయాలి. మరునాటి ఉదయం, ఎండ ముదరకముందే, మగ మొక్క పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. ఒక్క పూట తప్పినా ఆ పువ్వు దండగే. అంటే ఉదయం పని సరిగ్గా బడి వేళకే వస్తుంది. సాయంత్రం పని మధ్యాహ్నపు తరగతులను కొరుక్కుతింటుంది. ఇది ఒకటి రెండు రోజుల పని కాదు, నెలల తరబడి సాగేది. జూన్‌లో బడిలో చేరిన పిల్ల పూత మొదలవగానే పొలానికి పోతే, తిరిగి వచ్చేసరికి సగం పాఠాలు అయిపోయి ఉంటాయి.

మూడో అంశం అప్పు. సాగు ఖర్చులో కూలీదే పెద్ద వాటా కనుక, రైతులు సీజనుకు ముందే తల్లిదండ్రులకు బయానా ఇచ్చి పిల్లలను కుదుర్చుకునేవారు. బయానా తీసుకున్నాక బిడ్డ ఒక రోజు బడికి పోతానన్నా కుదరదు. దావులూరి వెంకటేశ్వర్లు పరిశోధనలు ఈ పనిలో పద్నాలుగేళ్లలోపు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారని, వారిలో ఎక్కువమంది బాలికలేనని వెలుగులోకి తెచ్చాయి. పిల్లల వేళ్లు సున్నితం కనుక ఈ పని వారికే తగినదన్న వాదన తరచూ వినిపించేది. కానీ పెద్దల కంటే తక్కువ కూలికి, ఎక్కువ గంటలు, ఎదురు చెప్పకుండా పనిచేయడమే అసలు కారణం. గంటలు, కాలం, అప్పు – మూడూ ఒకేసారి బిగిసిన చోట 'పనితో పాటు చదువు' అన్న మాటకు అర్థం లేదు.

5. సుగ్గి వలసలు

కర్నూలు పడమటి భాగంలోని ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుండి కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి మిరప కోతలకు, పత్తి తీతకు వెళతాయి. దీనిని 'సుగ్గికి పోవడం' అంటారు. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ పోతారు. ఇక్కడ రోజువారీ గంటల కంటే కాలమే అసలు సమస్య: పరీక్షలకు సిద్ధం కావలసిన నెలలలో పిల్లలు బడి ఉన్న ఊళ్లోనే ఉండరు. అందుకే వలస కాలంలో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకొనేందుకు సీజనల్ హాస్టళ్లు ఏర్పాటు చేశారు. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, కడప జిల్లాది సుమారు 67 శాతం. ఈ తేడాకు కారణాలు అనేకం. వలసను వాటిలో ఒకటిగా చూడవలసి ఉంటుంది.

6. రాత్రి బడా, పగటి బడా?

పనిచేసే పిల్లలకు రాత్రి బడి పెడితే చాలదా అన్న ప్రశ్న చాలాకాలం నలిగింది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయోజన విద్యకు జీవితాన్ని అంకితం చేశారు. పగలంతా కష్టపడే పెద్దలకు సాయంత్రపు చదువు తగిన మార్గమే. కానీ పొద్దంతా మొగ్గలు గిల్లిన పన్నెండేళ్ల బిడ్డ దీపం ముందు కూర్చుంటే చదువు కంటే ముందు నిద్ర వస్తుంది.

శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పింది: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాల కార్మికుడే, పిల్లల చోటు పూర్తికాలపు పగటి బడి. రంగారెడ్డి జిల్లాలో మొదలైన ఈ కృషి కర్నూలు సీడు పత్తి గ్రామాలకూ చేరింది. పని మానిన పిల్లలను బ్రిడ్జి శిబిరాలలో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చడం వారి పద్ధతి. 2003 జనవరిలో రాష్ట్రంలో మొదలైన మధ్యాహ్న భోజనం కూడా తోడ్పడింది. బడిలో ఒక పూట తిండి దొరకడం పేద ఇంటికి చిన్న విషయం కాదు.

వ్యక్తుల విజయగాథలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. 1921లో కర్నూలు సమీపంలోని పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య పసికందుగా ఉండగానే తండ్రిని కోల్పోయారు. 1960లో ఆయన దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ప్రతిభ నిస్సందేహం. అయితే ఆ ప్రతిభ వెనుక మేనమామ అండ ఉంది, కర్నూలు పురపాలక ఉన్నత పాఠశాల ఉంది. ఆ రెండూ లేక, పొలంలోనే మిగిలిపోయిన తెలివైన పిల్లల పేర్లు చరిత్రకు తెలియవు.

7. చట్టం: సాధించినది, మిగిలినది

1986 బాల కార్మిక చట్టం కొన్ని ప్రమాదకర పనులనే నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యా హక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యను హక్కుగా చేసింది. 2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పనిచేయించడాన్ని నిషేధించింది. పద్నాలుగు నుండి పద్దెనిమిదేళ్లలోపు వారిని గనుల వంటి ప్రమాదకర పనులలో పెట్టరాదన్నది. అయితే బడి వేళల తరువాత, సెలవులలో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో సాయపడడానికి మినహాయింపు ఇచ్చింది.

ఈ మినహాయింపు సహేతుకంగానే కనిపిస్తుంది. తండ్రికి గొర్ల దగ్గర సాయం చేసిన బిడ్డ చెడిపోడు. కానీ సొంత పొలంలోనే సీడు పత్తి వేసి, సొంత బిడ్డలనే క్రాసింగ్‌కు దింపితే? కాగితం మీద అది కుటుంబ పని. ఉదయం తొమ్మిదికి పొలంలో ఎవరున్నారో చూసేవారు లేకపోతే ఆ మినహాయింపే దారి అవుతుంది. చట్టం గంటలను గుర్తించింది. కాలాన్ని, అప్పును ఇంకా సరిగా గుర్తించలేదు.

8. సారాంశం

1823 నివేదిక నుండి సీడు పత్తి వరకు కనిపించే సూత్రం ఒక్కటే: బడి వేళను తాకని, సీజను పేరుతో బడి మాన్పించని, అప్పుకు తాకట్టు పడని పనితోనే పిల్లల చదువు సాగుతుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా నష్టపోయేది చదువే. చిన్ననాడు బడి మానినవారి కోసమే తరువాత సార్వత్రిక పాఠశాలలు, 1982లో మన రాష్ట్రంలో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చాయి. అవి పోయిన అవకాశాన్ని తిరిగి ఇస్తాయి. పోయిన బాల్యాన్ని ఇవ్వలేవు. అందువల్ల రెండో అవకాశం ఉందన్న కారణంతో మొదటి అవకాశాన్ని వదులుకోకూడదు.

9. మాదిరి ప్రశ్నలు

అ) పది వాక్యాలలో సమాధానం రాయండి.
1. కాంప్‌బెల్ నివేదికలో దత్త మండలాల విద్యా స్థితిని వివరించండి.
2. సంకర పత్తి విత్తనోత్పత్తి పని వేళలు బడి చదువును ఎలా దెబ్బతీశాయి?

ఆ) ముప్ఫై వాక్యాలలో సమాధానం రాయండి.
1. 2016 సవరణలోని కుటుంబ వృత్తి మినహాయింపును గంటలు, కాలం, అప్పు అనే మూడు ప్రమాణాలతో పరిశీలించండి. మీ ఊరిలో మీరు చూసిన పనులనే ఉదాహరణలుగా తీసుకోండి.