హెచ్‌ఐవీ ఉన్న పెద్దల్లో బాక్టీరియా మెనింజైటిస్

మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరలకు బాక్టీరియా సోకి వాపు రావడమే ఈ జబ్బు. హెచ్‌ఐవీ ఉన్న పెద్దవారిలో దీనికి ముఖ్య కారణం న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఈ ముప్పును బాగా తగ్గిస్తాయి కానీ పూర్తిగా పోగొట్టవు. మన దేశంలో 2017 నుంచి, రోగనిరోధక శక్తిని తెలిపే సీడీ4 కణాల లెక్కతో నిమిత్తం లేకుండా అందరికీ ఆ మందులు ఇస్తున్నా ఈ జబ్బును మరచిపోవడానికి లేదు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి జ్వరం, తలనొప్పి, మగతతో వస్తే ముందుగా క్షయ, ఆ తర్వాత క్రిప్టోకాకస్ అనే బూజుజాతి సూక్ష్మజీవి గుర్తుకొస్తాయి. అందులో తప్పులేదు. అయితే అవి రోజులు, వారాల మీద ముదురుతాయి. బాక్టీరియా గంటల్లో ప్రాణం తీస్తుంది. అందుకే అనుమానం తీరేదాకా ఆగకుండా యాంటీబయాటిక్ మొదటి మోతాదు దీనికే పడాలి.

మందు ముందే పడితే పరీక్షలో క్రిమి దొరకదని కొందరు వైద్యులు వెనకాడతారు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష విషయంలో ఆ మాట నిజమే. కానీ యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు నరానికి ఎక్కించే ముందు కల్చర్‌కు రక్తం తీసి పెట్టుకోవచ్చు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీటిలోని కణాలు, చక్కెర, మాంసకృత్తుల తేడాలు కొద్ది గంటల్లో చెరిగిపోవు. ఉదాహరణకు, విజయనగరం జిల్లా నెల్లిమర్లలో వైద్య కళాశాల ఆసుపత్రి మిమ్స్ ఉంది కాబట్టి వెన్నునీరు తీయడం దగ్గర్లోనే కుదురుతుంది. అక్కడి ఆరోగ్య కేంద్రం నుంచి నేరుగా విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు పంపితే మాత్రం అరవై కిలోమీటర్లకు పైబడిన దారి. బండి ఎక్కించేలోపే సూది పడాలి. వెన్నునీరు సాధారణంగా తేటగా ఉంటుంది, ఈ జబ్బులో బియ్యం కడిగిన నీళ్లలా మారుతుంది. సీడీ4 బాగా పడిపోయినవారిలో తెల్లకణాలు తక్కువై తేటగానే కనబడవచ్చు. కంటిచూపుతో కొట్టిపారేయడం ఇక్కడ ప్రమాదం.

వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ మీద వాదన తెగలేదు. ఐరోపాలో 301 మంది పెద్దలపై జరిగి 2002లో వెలువడిన పరీక్షలో అది మరణాలను తగ్గించింది. 2007లో వెలువడిన మలావీ పరీక్షలో 465 మందిలో దాదాపు 90 శాతానికి హెచ్‌ఐవీ ఉంది. స్టెరాయిడ్ ఇచ్చినా, ఇవ్వకున్నా సగానికి పైగా చనిపోయారు. అక్కడివారు ఆలస్యంగా వచ్చారు, ఏఆర్‌టీ చాలామందికి అందలేదు కాబట్టి ఆ ఫలితం మనకు వర్తించదని అనవచ్చు. ఆ అభ్యంతరం బలమైనదే. అయినా, 2023లో వియత్నాం, ఇండోనేషియాల నుంచి వచ్చిన పరీక్షలో హెచ్‌ఐవీతో పాటు క్షయ మెనింజైటిస్ ఉన్న 520 మందికీ అది స్పష్టమైన మేలు చేయలేదు. ఆలస్యంలో పోయిన గంటలను స్టెరాయిడ్ తిరిగి తెస్తుందని నమ్మలేం. నివారణకు మాత్రం ఆధారం ఉంది: మలావీలోనే, ఒకసారి తీవ్రమైన న్యుమోకాకస్ జబ్బు వచ్చి కోలుకున్నవారిలో (వారిలో ఎక్కువ మందికి హెచ్‌ఐవీ ఉంది) 7 రకాల న్యుమోకాకస్‌పై పనిచేసే కాంజుగేట్ టీకా, ఆ రకాల వల్ల జబ్బు మళ్లీ రావడాన్ని 74 శాతం తగ్గించిందని 2010లో తేలింది.