కోడి మన గింజ కోసం వచ్చింది

ఇవాళ పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

మొన్న సాయంత్రం టీ కొట్టు దగ్గర కుర్రోళ్ళు జంతువుల మీద ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలు వేసుకుంటున్నారు. ఏనుగు ఎన్నాళ్ళు మోస్తుంది, గుడ్లగూబ మెడ ఎంతవరకు తిరుగుతుంది, ఇలాంటివి. మధ్యలో మా అన్నయ్య మనవడు నా వైపు తిరిగి, "చిన్న తాతా, నువ్వు చెప్పు. కోడిని మొదట అడవిలోంచి ఎవరు పట్టుకొచ్చారు?" అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ కోళ్ళ మధ్య బతికినోణ్ణి, జవాబు రాలేదు. చిన్నతనం అనిపించింది. నాలుగు రాత్రులు ఫోనులో వెతికి చదివాను. తెలిసింది మీకూ చెబుతున్నా.

మన పెరటి కోడికి మూలం ఎర్ర అడవికోడి. అది ఇప్పటికీ మన తూర్పు కనుమల అడవుల్లో ఉంది. దాన్ని 8000 ఏళ్ళ కిందో, 10000 ఏళ్ళ కిందో మచ్చిక చేశారని చాలాకాలం రాసుకున్నారు. 2022లో శాస్త్రవేత్తలు 89 దేశాల్లో, 600కి పైగా తవ్వకాల్లో దొరికిన కోడి ఎముకల లెక్కలన్నీ మళ్ళీ చూశారు. నమ్మకంగా పెంపుడు కోడివే అనదగ్గ అన్నిటికంటే పాత ఎముకలు థాయిలాండ్‌లో బాన్ నాన్ వాట్ అనే ఊళ్ళో దొరికినవని తేల్చారు. క్రీస్తుపూర్వం 1650కీ 1250కీ మధ్యవి. అంటే సుమారు 3500 ఏళ్ళు.

ఎందుకు అక్కడ, ఎందుకు అప్పుడు? నన్ను ఆపేసింది ఇదే. ఆ ప్రాంతంలో జనం మెట్టవరి, చిరుధాన్యాలు వేయడం మొదలుపెట్టాకే కోడి వాళ్ళ దగ్గర చేరిందంట. అడవి నరికి చేను వేస్తే, రాలిన గింజల కోసం అడవికోడి చెట్టు దిగి వచ్చింది. ఎవరూ వల వేసి పట్టుకురాలేదు. కుక్క మనిషి ఎంగిలి కోసం వచ్చిందంటారు. పిల్లి గాదెల్లో ఎలకల కోసం వచ్చింది. కోడి మన గింజ కోసం వచ్చింది. మా మనవడి ప్రశ్నకి జవాబు అదీ: ఎవరూ పట్టుకురాలేదురా, వరి పిలిచింది.

అక్కడి నుంచి అది ఓడలెక్కి, బండ్లెక్కి ప్రపంచమంతా తిరిగింది. వెళ్ళిన ప్రతిచోటా వెంటనే కూర వండుకోలేదు. రోమను సేనాపతి సీజరు 2000 ఏళ్ళ కిందట బ్రిటన్ వెళ్ళినప్పుడు, అక్కడి జనం కోడిని ముచ్చట కోసం పెంచుతారు గానీ తినడం తప్పనుకుంటారని రాసుకున్నాడు.

మన దక్షిణాదికి ఇందులో ఒక వాటా ఉంది. ఎర్ర అడవికోడి కాళ్ళు పసుపు కాదు, బూడిద రంగు. మరి మన పెట్టలకీ, ఫారాల్లో గుడ్లు పెట్టే తెల్ల లెగ్‌హారన్‌కీ పసుపు కాళ్ళు ఎక్కడివి? మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చాయని 2008లో జన్యువులు చూసి చెప్పారు. ఎక్కడో అమెరికాలో పసుపు కాళ్ళ కోడి ఉన్నా, దాని ఒంట్లో మన అడవి తాలూకు చుక్క ఉన్నట్టే.

ఇంకోటి వినండి, ఇది వరి రైతులం తప్పక తెలుసుకోవాల్సింది. 1890 ప్రాంతంలో ఇప్పటి జకార్తాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి జబ్బు మీద పనిచేస్తున్నాడు. కాళ్ళు పడిపోయి జనం చచ్చిపోయేవాళ్ళు. ఆయన దగ్గరి కోళ్ళు కూడా అలాగే కాళ్ళు పడిపోయి కూలబడ్డాయి. కొన్నాళ్ళకి వాటంతట అవే లేచాయి. ఆరా తీస్తే తేలిందేంటంటే, మధ్యలో కొన్నాళ్ళు వాటికి ఆసుపత్రిలో మిగిలిన తెల్ల అన్నం పెట్టారు, తర్వాత మళ్ళీ తవుడు పోని బియ్యం పెట్టారు. మిల్లులో మనం తీసి పారేసే తవుడులో ప్రాణం నిలిపేది ఏదో ఉందని లోకానికి అలా తెలిసింది. ఇప్పుడు దాన్నే బి1 విటమిన్ అంటున్నాం. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ ఇచ్చారు. కోళ్ళకేం ఇచ్చారో మరి!

ఫారం కోడి కథ కూడా చిత్రమే. 1923లో అమెరికాలోని డెలావేర్‌లో సిసిల్ స్టీల్ అనే రైతు ఇల్లాలు 50 పిల్లలు కావాలని రాస్తే పొరపాటున 500 పంపించారు. ఆవిడ వెనక్కి పంపకుండా పెంచి మాంసానికి అమ్మింది. లాభం వచ్చింది. మూడేళ్ళకి 10000 కోళ్ళకు షెడ్డు వేసింది. బ్రాయిలర్ వ్యాపారానికి దాన్నే మొదలు అంటారు. ఇవాళ ఆరు వారాలకే రెండు కేజీలు దాటుతోంది. లెగ్‌హారన్ ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. కానీ దానికి పొదగడం పోయింది. పొదుక్కి కూర్చుంటే ఆ నాళ్ళు గుడ్డు పెట్టదని, కూర్చోని వాటినే ఏరి ఏరి పెంచుకొచ్చారు. మిషను లేకపోతే ఆ జాతి అక్కడితో ఆఖరు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంటి సంగతి ఉంది.

నా ఇంటర్ పరీక్ష ఫీజు మా అమ్మ కోళ్ళు అమ్మి కట్టింది. నాన్నని అడగలేదు. కోళ్ళ డబ్బు ఆడోళ్ళ డబ్బు, దానికి మొగోళ్ళ లెక్క ఉండేది కాదు. ఆ మరుసటేడు కొక్కెర తెగులు వచ్చి వారంలో పాతిక కోళ్ళు పోయాయి. అమ్మ గంప బోర్లించి దాని పక్కనే కూర్చుండిపోయింది. ఆ తెగులునే ఇంగ్లండులో 1926లో న్యూకాసిల్ అన్నారు, ఒకటి రెండేళ్ళకి మన దేశంలో రాణిఖేత్ అన్నారు. టీకా ఉందని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

అయినా అమ్మ మళ్ళీ ఒక పెట్టతో మొదలుపెట్టి రెండేళ్ళలో దొడ్డి నింపింది. ఎలా? కళ్ళం ఉంది. కుప్ప నూర్చిన చోట రాలిన గింజలు, తాలు, పురుగూ పుట్రా తిని అవే పెరిగాయి. ఇప్పుడు కోత మిషను వచ్చింది. ధాన్యం చేలోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి మిల్లుకి. ఇంటికి గింజ రాదు. ముప్పై కోళ్ళుండే మా దొడ్లో ఇప్పుడు మూడున్నాయి, పొదిగేది ఒక్కటే. పోయిన నెల ఒకాయన వచ్చి మంచి ధర ఇస్తానంటే నేను ఇచ్చేద్దామన్నా. మా ఆవిడ, "ఇది పోతే రేపు ఎవరు పొదుగుతారు, నువ్వా?" అంది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఇదంతా చదివాక ఆవిడదే సరైన లెక్క అనిపిస్తోంది.

అందుకని రెండు పనులు పెట్టుకున్నా. మిషను వెనక పడ్డ తాలుగింజలు రెండు బస్తాలు ఇంటికి తెచ్చా. పశువుల డాక్టరుగారి దగ్గర కొక్కెర టీకా సంగతి అడిగొచ్చా. నిన్న రాత్రి ఆ పెట్ట కింద పదకొండు గుడ్లు పెట్టాం. 21 రోజులు ఆగాలి.

మీ ఇళ్ళలో పొదిగే పెట్టలు ఎన్ని మిగిలాయో రాయండి. పిల్లలు దిగాక ఎన్ని దిగాయో నేనూ చెబుతా.