నిధుల షరతులు – మానవ హక్కుల దర్యాప్తులు

ఒక దేశంలో జరిగిన హత్యలు, చిత్రహింసలు, యుద్ధ నేరాల మీద అంతర్జాతీయ సంస్థ ఏదైనా దర్యాప్తుకు దిగినప్పుడు, ఆ దేశమో దాని మిత్రదేశమో సంస్థకు ఇచ్చే సొమ్మును ఆపివేయడం, ఆపుతామని హెచ్చరించడం, ఫలానా పని మానుకుంటేనే ఇస్తామని చట్టంలో రాసుకోవడం అర్ధశతాబ్దంగా సాగుతున్న పద్ధతి. దర్యాప్తును నేరుగా రద్దు చేయించాలంటే ఓట్లు కావాలి. జీతాలకు, విమాన టికెట్లకు, అనువాదకులకు డబ్బు లేకుండా చేయడానికి అన్ని ఓట్లు అక్కరలేదు.

ఐక్యరాజ్య సమితికి సొమ్ము రెండు దారుల్లో వస్తుంది. సభ్యదేశాలు తప్పనిసరిగా కట్టాల్సిన చందా ఒకటి, ఇష్టపడి ఇచ్చే విరాళం రెండోది. చార్టర్ 17వ అధికరణ ప్రకారం చందా ఎవరెంత కట్టాలో జనరల్ అసెంబ్లీ నిర్ణయిస్తుంది. 19వ అధికరణ ప్రకారం రెండేళ్ల చందాకు సమానమైన బకాయి పేరుకుంటే అసెంబ్లీలో ఓటు పోతుంది. ఆ గీత దాటకుండా చూసుకునే దేశం ఎంత ఆలస్యం చేసినా దాని ఓటుకు ఢోకా లేదు. విరాళానికి ఆ పాటి కట్టుబాటు కూడా లేదు. మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం ఖర్చులో సగానికి పైగా విరాళాల మీదే నడుస్తుంది కాబట్టి, ఒత్తిడికి అది ముందే తలుపు తెరిచి ఉన్న ఇల్లు.

నచ్చని పనికి తమ వాటా ఇవ్వబోమనే వాదన మొదట శాంతిసేనల విషయంలో వచ్చింది. సూయెజ్, కాంగో దళాల ఖర్చు కూడా సమితి ఖర్చే అని 1962 జులై 20న అంతర్జాతీయ న్యాయస్థానం 9–5 తేడాతో అభిప్రాయం చెప్పింది. అయినా సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ కట్టలేదు. వాటి ఓటు తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో 1964లో మొదలైన అసెంబ్లీ సమావేశాలు దాదాపుగా ఓటింగే లేకుండా గడిచాయి. 1965 ఆగస్టులో అమెరికా రాయబారి ఆర్థర్ గోల్డ్‌బర్గ్ పట్టు సడలిస్తూనే, ఇతరులకు ఈ మినహాయింపు ఉన్నప్పుడు తమకూ ఉంటుందని స్పష్టం చేశారు. తర్వాతి దశాబ్దాల్లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టాలన్నిటికీ విత్తనం ఆ మాటలోనే ఉంది.

1974లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభ, దర్యాప్తు ఏదీ జరగకముందే ఇజ్రాయెల్‌ను ఖండిస్తూ తీర్మానం చేసింది. మరుసటి ఏడాది అమెరికా వైదొలగుతామని నోటీసు ఇచ్చింది. మానవ హక్కుల పట్ల కొన్ని దేశాల విషయంలోనే శ్రద్ధ చూపుతున్నారని, విచారణ పద్ధతిని పక్కనపెట్టారని అందులో ఆరోపించింది. 1977లో అన్నట్టే బయటికి వెళ్లింది. దానితో సంస్థ బడ్జెట్‌లో నాలుగో వంతు పోయింది. 1980లో తిరిగి చేరింది. ఆరోపణలో నిజం లేకపోలేదు. కానీ పక్షపాతాన్ని సరిదిద్దే పేరుతో సొమ్ము ఆపే అలవాటు, పక్షపాతం లేని దర్యాప్తుల మీదికి కూడా పాకింది. పాలస్తీనా హక్కుల కోసం ఏర్పడిన సమితి విభాగాలకు తమ వాటా సొమ్ము చేరకూడదని 1970ల చివర్లో కాంగ్రెస్ చట్టం చేసింది. ఇటీవలి బడ్జెట్ చట్టాల్లో మానవ హక్కుల మండలి ఎజెండా నుంచి ఇజ్రాయెల్‌పై ఉన్న శాశ్వత అంశాన్ని తొలగించే దిశగా అడుగులు పడాలన్న షరతు కనిపిస్తుంది.

ఈ ఆయుధం అమెరికా సొత్తు మాత్రమే కాదు. 2011 ఏప్రిల్‌లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్, ఆదివాసులతో సంప్రదింపులు జరిగేదాకా అమెజాన్ ప్రాంతంలోని బెలో మోంటే ఆనకట్ట పనులు ఆపమని బ్రెజిల్‌ను కోరింది. బ్రెజిల్ ఆ కమిషన్ మాతృసంస్థ నుంచి తన రాయబారిని వెనక్కి పిలిపించి, చందా నిలిపివేసింది. కమిషన్ ఆ కోరికను అదే ఏడాది మెత్తబరిచింది.

అన్నిటికన్నా బాధాకరమైన ఉదంతం 2016 నాటిది. సాయుధ ఘర్షణల్లో పిల్లల స్థితిపై జూన్ 2న వెలువడిన సమితి వార్షిక నివేదిక, యెమెన్‌లో పోరాడుతున్న సౌదీ సంకీర్ణాన్ని పిల్లలను చంపుతున్న పక్షాల జాబితాలో చేర్చింది. 2015లో అక్కడ 785 మంది పిల్లలు మరణించారని, 1,168 మంది గాయపడ్డారని, ఈ మరణాలు, గాయాల్లో 60 శాతానికి సంకీర్ణమే కారణమని అందులో ఉంది. నాలుగు రోజుల్లోనే, సమీక్ష పూర్తయ్యేవరకంటూ, ఆ పేరు తొలగింది. జూన్ 9న ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ విలేకరుల ముందు దాపరికం లేకుండా చెప్పారు: కొన్ని దేశాలు సమితి కార్యక్రమాలకు నిధులు ఆపితే లక్షలాది మంది ఇతర పిల్లలు అల్లాడిపోతారని ఆలోచించాల్సి వచ్చిందని. తాము బెదిరించలేదని సౌదీ రాయబారి అన్నారు. పాలస్తీనాలోనో దక్షిణ సూడాన్‌లోనో పిల్లవాడి అన్నం నిలవాలంటే యెమెన్‌లో చనిపోయిన పిల్లవాడి పేరు తుడిచేయాలన్న లెక్కను ఒక మనిషి ముందు పెట్టారు. ఆయన తలవంచారని నిందించే ముందు, ఆ లెక్క వేయించినవారిని గుర్తుంచుకోవాలి. 2017లో కొత్త ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ సంకీర్ణాన్ని మళ్లీ జాబితాలో పెట్టారు. 2020లో తీసేశారు.

యూరప్‌లో ఇదే కథ నెమ్మదిగా నడిచింది. క్రిమియా ఆక్రమణ తర్వాత 2014 ఏప్రిల్‌లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ పార్లమెంటరీ అసెంబ్లీ రష్యా ప్రతినిధుల ఓటుహక్కు రద్దు చేసింది. 2017 జూన్‌లో రష్యా చందా ఆపింది. ఏటా దాదాపు 3.3 కోట్ల యూరోలు, మొత్తం బడ్జెట్‌లో సుమారు 7 శాతం. స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం నడిచేది ఈ బడ్జెట్ మీదే. క్రిమియా మీద ఉక్రెయిన్ వేసిన కేసు అప్పుడు అక్కడే విచారణలో ఉంది. కొన్ని నెలల తర్వాత, జైల్లో ఉన్న టర్కీ న్యాయమూర్తి మురాత్ అర్స్లాన్‌కు అసెంబ్లీ వాత్స్లావ్ హావెల్ బహుమతి ఇవ్వగా, పెద్ద చందాదారు హోదా వదులుకుంటున్నట్టు టర్కీ ప్రకటించింది. రెండు దెబ్బలూ కలిసి సంస్థను నియామకాలు, కార్యక్రమాలు తగ్గించుకునే స్థితికి తెచ్చాయి. 2019 జూన్‌లో నిబంధనలు మార్చి రష్యాను లోపలికి రానిచ్చారు. క్రిమియా మాత్రం వెనక్కి రాలేదు. 2022 మార్చి 16న, ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దాడి మొదలైన మూడు వారాలకు, రష్యాను బహిష్కరించారు.

అంతర్జాతీయ నేర న్యాయస్థానం విషయంలో షరతు పుట్టుకలోనే చేరింది. భద్రతా మండలి అప్పగించే కేసుల ఖర్చుకు సమితి నిధులివ్వవచ్చని రోమ్ ఒప్పందం 115వ అధికరణ చెబుతుంది. కానీ డార్ఫుర్‌ను అప్పగించిన 2005 నాటి 1593వ తీర్మానం, లిబియాను అప్పగించిన 2011 నాటి 1970వ తీర్మానం, సమితి ఒక్క పైసా భరించదని రాసిపెట్టాయి. పని అప్పగించి కూలి ఇవ్వకపోవడమే ఇది. ఫిర్యాదు చేసేవారి మీద ఒత్తిడి పెట్టడం ఇంకో దారి. 2015 జనవరిలో పాలస్తీనా ఈ న్యాయస్థానంలో చేరేందుకు పత్రాలు సమర్పించగానే, దాని తరఫున వసూలు చేసిన పన్నుల సొమ్మును ఇజ్రాయెల్ కొన్ని నెలలు తొక్కిపట్టింది.

ఇవాళ అసలు పోరు న్యూయార్క్‌లో, బడ్జెట్ చూసే జనరల్ అసెంబ్లీ ఐదో కమిటీలో జరుగుతోంది. జెనీవాలో మానవ హక్కుల మండలి ఆమోదించిన దర్యాప్తుకు ఎన్ని పోస్టులో ఇక్కడ తేలుతుంది. 2019 డిసెంబరులో సిరియా, మయన్మార్ సాక్ష్యాలు సేకరించే యంత్రాంగాలకు చందా నిధులు అందకుండా చేయడానికి రష్యా ప్రయత్నించి ఓడిపోయింది. 2021 డిసెంబరులో, ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతాలపై మాజీ హైకమిషనర్ నవీ పిళ్లై నేతృత్వంలో ఏర్పడిన దర్యాప్తు సంఘానికి నిధులు తీసేయాలని ఇజ్రాయెల్ తెచ్చిన సవరణకు 8 ఓట్లే పడ్డాయి. బహిరంగ ఓటింగులో ఇలాంటి ప్రయత్నాలు సాధారణంగా నెగ్గవు. పోస్టుల కోత, చందాల ఆలస్యం మాత్రం ఓటింగు అవసరం లేకుండానే పని చేస్తాయి. 2025 ఫిబ్రవరిలో కాంగో తూర్పు ప్రాంతంలోని అకృత్యాలపై దర్యాప్తు సంఘం వేయాలని మండలి నిర్ణయించింది. సమితి దగ్గర నగదు లేక ఆ సంఘం పని నెలల తరబడి మొదలుకాలేదు.